మాంటా, ఎర్రచందనం: ముద్ర ఒకటే, లెక్కలు వేరు

సముద్రంలో రెక్కలాడిస్తూ తిరిగే చేపనీ, శేషాచలం రాళ్లలో వేళ్లూనుకున్న చెట్టునీ పోల్చి చూడమంటే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టే ఉంటుంది. కానీ ఆ ముడి ఎప్పుడో పడింది. వేసింది ప్రపంచ దేశాలే. అంతరించిపోయే ప్రమాదమున్న జీవజాతులతో దేశాల మధ్య సాగే వ్యాపారానికి కళ్లెం వేయడానికి 1973లో ఒక ఒప్పందం కుదిరింది. దాన్ని పొట్టిగా సైటీస్ అంటారు. అందులోని రెండో అనుబంధంలోకి ఎర్రచందనం 1995లో చేరింది. మాంటా చేపలను కూడా అదే అనుబంధంలో పెట్టాలని 2013లో బ్యాంకాక్ సమావేశంలో తీర్మానించారు. 2014 సెప్టెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. 2025 చివర్లో మాంటాలను ఇంకా కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చాలని తీర్మానించారు. జీవజాతుల ఎర్ర జాబితా తయారుచేసే ఐయూసీఎన్ కూడా రెండింటికీ ఒకే ముద్ర కొట్టింది: 2020లో పెద్ద మాంటాకు, 2021లో ఎర్రచందనానికి, ‘అంతరించే ప్రమాదంలో ఉన్నవి’ అని.

పైకి చూస్తే జబ్బు కూడా ఒకటే. రెండింటికీ అసలు గిరాకీ తూర్పు ఆసియాలో ఉంది. రెండింటినీ సేకరించేది రెక్కాడితే గానీ డొక్కాడని మనుషులు, లాభం మిగిలేది మధ్యలోని వాళ్లకు. అందుకే రెండింటికీ ఒకే మందు రాసేయాలని అనిపిస్తుంది. “రైతులను పెంచి అమ్ముకోనివ్వండి, స్మగ్లింగ్ దానంతటదే ఆగుతుంది” అనే మాట ఎర్రచందనం గురించి ఎప్పుడు చర్చ వచ్చినా వినిపిస్తుంది. అందులో సగం నిజముంది. మాంటా దగ్గరికి వచ్చేసరికి ఆ సగం కూడా మిగలదు. ఎందుకన్నది తెలియాలంటే చట్టం పక్కనపెట్టి, ముందు ఆ చేప ఎలా బతుకుతుందో, ఆ చెట్టు ఎలా బతుకుతుందో చూడాలి.

మన తీరంలో టేకు చేపలంటారు చూడండి (కలప టేకుతో సంబంధం లేదు), పళ్లెంలా బల్లపరుపుగా ఉండేవి, మాంటా వాటికి దగ్గరి చుట్టం. శాస్త్రీయ నామం మోబులా బైరోస్ట్రిస్. ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొసకు 7 మీటర్ల దాకా ఉండొచ్చు, బరువు రెండు టన్నుల వరకూ పోవచ్చు. ఒంట్లో ఒక్క ఎముక లేదు, అంతా మృదులాస్థే. ఇంత పెద్ద ప్రాణి తినేది నీటిలో తేలే ప్లాంక్టన్, అంటే చాలావరకు కంటికి సరిగా ఆనని పురుగూ పుట్రా. మామూలు టేకుల్లా తోకముల్లుతో పొడవదు. 2009 వరకు ప్రపంచంలో మాంటా ఒకటే జాతి అనుకున్నారు. ఆ ఏడాది, పగడపు దిబ్బల దగ్గర తిరిగే కాస్త చిన్న మాంటాను వేరే జాతిగా తేల్చారు. ఈ వ్యాసంలో చెబుతున్నది నడిసముద్రంలో తిరిగే పెద్దదాని గురించి.

ఎర్రచందనం గురించి తెలుగువాళ్లకు పరిచయం అక్కర్లేదు గానీ ఒక పొరపాటు మాత్రం సరిదిద్దాలి. ఇది మంచిగంధానికి బంధువు కాదు, దీనికి ఆ పరిమళమూ లేదు. చిక్కుడు, కందులు, వేరుశనగ ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే. శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటాలినస్. తూర్పు కనుమల దక్షిణ కొసలో, శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల్లో, మరే చెట్టూ ఇష్టపడని రాతినేలలో పెరుగుతుంది. ప్రపంచంలో దాని సహజమైన అడవి దాదాపు ఇదొక్కటే. బెరడు నల్లగా, మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. కత్తితో గాటు పెడితే ఎర్రటి జిగురు మెల్లగా ఊరుతుంది. ఎండాకాలం మొదట్లో ఆకులన్నీ రాల్చి, కొత్త చిగుళ్లతోపాటు పసుప్పచ్చటి పూలు పూస్తుంది. ఇంత ఎర్రని చెట్టుకు పసుపు పూలేమిటని మొదటిసారి చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు.

ఒక పిల్ల, వేల కాయలు

అసలు తేడా సంతానంలో ఉంది. ఆడ మాంటా ఈడుకు రావడానికి పదేళ్ల దాకా పడుతుంది. కడుపులో పిల్లను ఏడాదికి పైగా మోస్తుంది. ఈ మోయడం కూడా విచిత్రంగా ఉంటుంది. పిల్లకు బొడ్డుతాడు ఉండదు. గుడ్డులోని సొన అయిపోయాక, గర్భాశయం గోడల నుంచి ఊరే పాలలాంటి ద్రవమే ఆహారం. పుట్టే పిల్ల ఒకటే, ఎప్పుడో అరుదుగా రెండు. కానీ ఆ ఒక్కటీ రెక్కల వెడల్పు రెండు మీటర్లకు దగ్గరగా, తల్లికి నమూనాలా బయటికొచ్చి, ఆ క్షణం నుంచే సొంతంగా ఈదుకుపోతుంది. మళ్లీ కాన్పుకు రెండు నుంచి ఐదేళ్లు. మాంటా నలభై ఏళ్లు బతుకుతుందనుకుని లెక్కేస్తే ఒక తల్లి జీవితం మొత్తంలో కనేది ఆరు నుంచి పదిహేను పిల్లలు. మన తాతల కాలంలో ఇళ్లల్లో అంతకంటే ఎక్కువ కన్నవాళ్లున్నారు.

2014లో పరిశోధకులు మాంటాల పెరుగుదలకు గరిష్ఠ పరిమితి ఎంతో లెక్కకట్టారు. అన్నీ అనుకూలించి, ఎవరూ వేటాడకపోతే వంద మాంటాలు ఏడాదికి సుమారు పన్నెండు పెరుగుతాయి. అదీ కాగితం మీద. సొరలు, టేకుల జాతులన్నిటిలోనూ ఇంత మెల్లగా పెరిగేవి కొన్నే. దీని అర్థం ఏమిటంటే, ఒక ప్రాంతంలో ఉన్న మాంటాల్లో ఏటా పదో వంతుకు కాస్త అటూ ఇటూగా వలల్లో పోతే చాలు, ఆ మంద పెరగడం ఆగిపోతుంది. వేటాడాలని ఎవరూ వెళ్లనక్కర్లేదు, ట్యూనా కోసం వేసిన వలలో పొరపాటున పడ్డా అంతే.

ఎర్రచందనం తీరు దీనికి పూర్తిగా తలకిందులు. పూలకు తేనెటీగలు వచ్చి పరాగసంపర్కం చేస్తాయి. కాయ గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో ఉంటుంది, ఎండాక గాలికి గిరగిర తిరుగుతూ దూరం పోతుంది. కాపు విరగకాస్తుంది గానీ చాలా కాయల్లో విత్తనమే ఉండదు. ఉన్నదానికీ తొక్క గట్టిది కాబట్టి మొలక శాతం తక్కువ. నర్సరీల్లో కాయలను రోజుల తరబడి నీళ్లలోనో పేడనీళ్లలోనో నానబెట్టేది అందుకే. అడవిలో మొలిచినవాటిలో కార్చిచ్చునీ, పశువులనీ తప్పించుకుని నిలబడేవి కొన్నే. తల్లి చెట్టు దేన్నీ సాకదు. వేలు విసిరేస్తుంది, బతికినవి బతుకుతాయి.

పైగా చెట్టుకు ఇంకో దారి ఉంది, చేపకు ఎన్నటికీ లేనిది. నరికిన మొద్దు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది. శేషాచలంలో దొంగలు నరికేసిన మొద్దులు కొన్ని వానలయ్యేసరికి గుబురుగా చిగురిస్తాయి. చెట్టు పోయినట్టా, ఉన్నట్టా? వేరు బతికే ఉంది, జన్యువు బతికే ఉంది. పోయింది పోగేసుకున్న కాలం. ఆ పిలక మళ్లీ చేవ (నడిమి గట్టి ఎర్ర కలప) పట్టడానికి ఒక మనిషి సగం జీవితం పడుతుంది. నష్టం అనే మాటకు ఇక్కడే రెండు లెక్కలు వస్తాయి. మాంటా చచ్చిపోతే ఒక ప్రాణీ, దానికి పుట్టాల్సిన పిల్లలూ పోతాయి. ఎర్రచందనం నరికితే చాలాసార్లు పోయేది కొన్ని దశాబ్దాలు.

మొప్పలు, చేవ

మార్కెట్ ఏం కోరుకుంటుందో చూస్తే పోలిక ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చైనాకు, ముఖ్యంగా గ్వాంగ్‌జౌ మార్కెట్‌కు కావలసింది మాంటా మొప్పల దగ్గరుండే పలకలు. చేప మాంసానికి పెద్ద ధర లేదు, చాలాచోట్ల ఉప్పుచేపగా పోతుంది. డబ్బంతా ఆ పలకల్లో ఉంది. మాంటా నోరు తెరుచుకుని ఈదుతుంటే నీళ్లు లోపలికి వచ్చి మొప్పల సందుల్లోంచి బయటికి పోతాయి. ఆ దారిలో వరసలు వరసలుగా సన్నటి రేకులు ఉంటాయి. అవే పలకలు. ఎండబెడితే నల్లగా గట్టిపడి, ఈకలు పేర్చినట్టు కనిపిస్తాయి.

అవి పనిచేసే తీరు తెలిసింది ఈమధ్యే. జల్లెడ అయితే కన్నం కంటే పెద్దది ఆగాలి, చిన్నది జారిపోవాలి, కాసేపటికి కన్నాలు పూడుకుపోవాలి. మాంటాలో అలా జరగదు. రేకుల మధ్య సందు కంటే చిన్న తునకలు కూడా జారిపోవు, సందులు పూడవు. 2018లో వచ్చిన ఒక పరిశోధన కారణం చెప్పింది. నీళ్లు ఒక్కో రేకు దాటగానే సందులోకి గబుక్కున మలుపు తిరిగి చిన్న సుడి కడతాయి. నీళ్లంత చప్పున మలుపు తిరగలేని తునక రేకుకు తగిలి ఎగిరి, తిరిగి ప్రధాన ప్రవాహంలోనే పడుతుంది. అలా తునకలు చిక్కబడుతూ గొంతు వైపు పోతాయి, శుభ్రమైన నీరు మొప్పల్లోంచి బయటికి పోతుంది. పూడుకుపోని ఈ వడపోతను నీటిశుద్ధి యంత్రాల్లో వాడుకోవచ్చా అని ఇంజనీర్లు ఆలోచిస్తున్నారు. అంటే వ్యాపారం కోరుకుంటున్నది చేపకు అన్నం పెట్టే అవయవాన్నే. దాన్ని తీసుకుని చేపను బతికించే మార్గం లేదు.

ఎర్రచందనంలో డబ్బు ఉన్నది చేవలో. చెట్టు మధ్యభాగంలోని ఆ ముదురెర్రటి కలప నిజానికి చనిపోయిన కణజాలం. నీళ్లు మోసేది చుట్టూ ఉండే తెల్లటి కలప. లోపలి కణాలు వయసైపోయాక చెట్టు వాటిని శాంటాలిన్ లాంటి రంగు పదార్థాలతో, బూజు పట్టనివ్వని రసాయనాలతో నింపి మూసేస్తుంది. అందుకే చేవ అంత బరువు, నీళ్లలో వేస్తే మునుగుతుంది. అందుకే చెద పట్టదు. సానరాయి మీద చుక్క నీళ్లేసి అరగదీస్తే ఎర్రటి ముద్ద వస్తుంది గానీ, ఆ రంగు చన్నీళ్లలో కరగదు, సారాయిలో కరుగుతుంది. లేత చెట్టులో చేవ ఉండదు. పనికొచ్చేంత చేవ రావాలంటే కనీసం పాతికేళ్లు, కొండ మీది రాళ్లలో ఇంకా ఎక్కువ.

కాబట్టి చేప విషయంలో మార్కెట్ కొనేది ప్రాణం నిలిపే భాగాన్ని, చెట్టు విషయంలో ఎప్పుడో చనిపోయిన భాగాన్ని. సిద్ధాంతంగా చూస్తే రెండోది అపాయం తక్కువ వ్యాపారం. కాకపోతే చనిపోయిన ఆ భాగం బతికున్న చెట్టు కడుపులో ఉంది.

కొనేవాళ్లకు చెప్పే కథలు కూడా రెండిటికీ ఉన్నాయి. మాంటా పలకల పులుసు తాగితే ఒంట్లో వేడి తగ్గుతుందని, విషాలు పోతాయని, బాలింతలకు పాలు పడతాయని గ్వాంగ్‌జౌ దుకాణాల్లో చెబుతారు. వైద్యపరమైన రుజువు లేదు. పాలు పడతాయన్న మాట విని మనం మరీ నవ్వుకోనక్కర్లేదు, బాలింతకు పాలసొర కూర పెట్టడం మన తీరప్రాంతంలో ఇప్పటికీ ఉన్నదే. ఇక ఎర్రచందనం గురించి తెలుగునాట ప్రచారంలో ఉన్న కథ తెలిసిందే: జపాన్‌లో అణు రియాక్టర్ల చుట్టూ రేడియేషన్ ఆపడానికి వాడతారట. దానికీ ఆధారం లేదు. కలప రేడియేషన్‌ను ఆపేట్టయితే సీసంతో, కాంక్రీటుతో పనేముంది? నిజమైన వాడకాలు ఇంత నాటకీయంగా ఉండవు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడ భాగం దీంతో చేస్తారు. చైనాలో రాజుల కాలం నుంచీ దీని ఫర్నిచర్ హోదాకు గుర్తు.

కాపలా, లెక్కింపు, పెంపకం

ఎర్రచందనం ఉన్న, 2025 తీర్మానం దాకా మాంటా కూడా ఉన్న రెండో అనుబంధం అంటే నిషేధం కాదు. ఎగుమతి చేసే దేశం ముందు ఒక మాట రాసివ్వాలి: ఈ ఎగుమతి వల్ల ప్రకృతిలో ఆ జాతికి నష్టం లేదని. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ మాట రాయాలంటే ఎన్ని ఉన్నాయో తెలియాలి.

చెట్టు అయితే నిలబడే ఉంటుంది. నంబరు వేయొచ్చు, చుట్టుకొలత తీయొచ్చు, మొద్దులు లెక్కపెట్టి ఎన్ని పోయాయో తేల్చొచ్చు. పట్టుబడిన దుంగలను కూడా రాష్ట్ర అటవీశాఖ ఏ, బీ, సీ అని గ్రేడులుగా విడగొట్టి వేలం వేస్తుంది. మాంటాను లెక్కపెట్టడానికి ఉన్న మంచి పద్ధతి దాని పొట్ట ఫొటో తీయడం. పొట్ట మీది నల్లమచ్చలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవు. ఈక్వడార్ తీరంలో ఏళ్ల తరబడి డైవర్లు తీసిన ఫొటోలతో లెక్కకట్టి, అక్కడ 22 వేలకు పైగా ఉంటాయని 2022లో ప్రకటించారు. అది ప్రపంచంలోకెల్లా పెద్ద మంద. చాలా చోట్ల గుర్తించినవి వందల్లోనే. మన తూర్పు తీరంలో నీళ్లు అంత తేటగా ఉండవు, డైవింగ్ టూరిజం అంతంత మాత్రం. మాంటా ఇక్కడ మనిషి కంట పడేది ఎక్కువగా రేవులోనే, చచ్చాక.

వయసు తేల్చడంలోనూ ఇదే ఇబ్బంది. చాలా సొర జాతులకు వెన్నుపూసలో వలయాలు చూసి వయసు చెబుతారు. మాంటా వెన్నుపూసల్లో సున్నం సరిగా పట్టదు కాబట్టి అది కుదరదు. నలభై ఏళ్లు బతుకుతుందన్న అంచనా కూడా ఒకే చేపను మళ్లీ మళ్లీ ఫొటో తీసి కట్టిన లెక్కే.

ఒక విషయంలో మాత్రం మాంటా ఊహించినంత కష్టం కాదు. సముద్రాలు దాటిపోతుంది, ఏ ఒక్క దేశమూ కాపాడలేదు అనుకునేవారు. ఉపగ్రహ ట్యాగులు వేసి చూస్తే పెద్ద మాంటాలు చాలావరకు తమ ప్రాంతంలోనే తిరుగుతున్నట్టు 2016లో తేలింది. ఇది మంచి వార్తా, చెడ్డ వార్తా కూడా. ఒక దేశం గట్టిగా పట్టుకుంటే తన మందను నిలబెట్టుకోగలదు. అశ్రద్ధ చేస్తే పక్క సముద్రం నుంచి వచ్చి భర్తీ చేసేవి ఉండవు. 2014లో ఇండోనేసియా, 2016లో పెరూ మాంటా వేటను పూర్తిగా ఆపేశాయి. బతికున్న మాంటాలను చూడటానికి వచ్చే టూరిస్టుల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 14 కోట్ల డాలర్ల వ్యాపారం జరుగుతోందని 2013లో ఒక అంచనా వచ్చింది. మొప్పల వ్యాపారం విలువ అందులో చిన్న ముక్క. అయితే ఆ టూరిజం డబ్బు మాల్దీవుల్లో పడుతుంది, మచిలీపట్నంలో పడదు. అందుకే ఆ అంకెను మన మత్స్యకారుల ముందు పెట్టి వాదించడం నాకు సబబనిపించదు.

ఇప్పుడు పెంపకం మాట. ఎర్రచందనాన్ని రైతులు పట్టా భూముల్లో పెంచుతున్నారు. 2004 నుంచి భారత్ ఈ కలప విషయంలో, ఎగుమతులు జాతికి హాని చేస్తున్నాయా అని చూసే సైటీస్ ప్రత్యేక సమీక్ష కింద ఉండేది. 2023 నవంబరులో ఆ సమీక్ష నుంచి బయటపడింది. పెంచినవాళ్లకు ఎగుమతి దారి కొంత తెరుచుకుంది. మంచిదే. కానీ పెంపకం అడవిని కాపాడుతుందా అంటే, అది కలప ఎక్కడిదో చెప్పగలిగినంత మేరకే. దుంగ మీద ఊరిపేరు ఉండదు. తోట కాగితాలతో అడవి కలప బయటికి పోయే వీలున్నంతకాలం పెంపకం స్మగ్లర్‌కు ముసుగవుతుంది. పైగా వ్యాపారులు ఎక్కువ ధర పెట్టేది అలలు అలలుగా నార తిరిగిన కలపకు. రాతినేలలో మెల్లగా పెరిగిన అడవి చెట్టుకున్న గిరాకీ, నీళ్లు కట్టి పెంచిన చెట్టుకు ఉండదు. నా ఉద్దేశంలో పెంపకాన్ని వద్దనడానికి ఇవి కారణాలు కావు, పెంపకం ఒక్కటే చాలదనడానికి కారణాలు.

మాంటాను పెంచడం కుదిరే పని కాదు. ఆగకుండా ఈదితేనే మొప్పల్లోకి గాలి అందే ఏడు మీటర్ల ప్రాణిని, పదేళ్లు సాకితే ఒక పిల్లను కనేదాన్ని, ప్లాంక్టన్ మాత్రమే తినేదాన్ని చెరువులో పెంచి లాభం చూసినవాళ్లు లేరు. రొయ్యకు పనిచేసిన సూత్రం దీనికి పనిచేయదు. దీనికి ఉన్న మందు ఒకటే: వలలో పడకుండా చూడటం, పడితే బతికుండగా వదలడం.

ఇక మనుషుల సంగతి. ఎర్రచందనం కాపలా తుపాకులతో నడిచింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు, వాళ్లు తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. దుంగ కొట్టేవాడు చనిపోయినా, జైలుకెళ్లినా ఇంకొకడు వస్తాడు, ఎందుకంటే డబ్బు పెట్టేవాడు ఎక్కడో ఉంటాడు. చెట్టు ఒకచోట నిలబడి ఉంది కాబట్టి కాపలా పెట్టొచ్చన్న సౌలభ్యమే అడవిని యుద్ధభూమి చేసింది. సముద్రంలో అది ఎలాగూ సాధ్యం కాదు. వల వేసినవాడు మాంటా కోసం వేయలేదు. చుట్టుకున్నాక మాంటా వెనక్కి ఈదలేదు, కదలడం ఆగితే ఊపిరాడదు. దాన్ని బతికుండగా వదలాలంటే వల కోయాలి. వల ఖరీదు వేలల్లో ఉంటుంది. ఎవరిస్తారు?

దీనికి గుజరాత్‌లో ఒక జవాబు దొరికింది. అక్కడ 2004లో తిమింగల సొరను కాపాడే ఉద్యమం మొదలైంది. ఒకప్పుడు దాన్ని వేటాడిన మత్స్యకారులే వలలు కోసి వదలడం మొదలుపెట్టారు. కోసిన వలకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది, వదిలినట్టు రుజువుగా పడవలోనే ఫొటో తీసుకుంటారు. అలా వందల సొరలు బతికి బయటపడ్డాయి. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం రేవుల్లో పెద్ద టేకు పడినప్పుడల్లా క్రేన్‌తో ఎత్తడం, చుట్టూ మూగి వీడియోలు తీయడం ఇప్పుడు మామూలైంది. అదే ఫోను పడవలో, వల కోసేటప్పుడు బయటికి తీస్తే పరిహారానికి రుజువవుతుంది. పొట్ట మచ్చలు ఫొటోలో పడితే, మన సముద్రంలో మాంటాలు ఎన్నున్నాయన్న లెక్కకు అదే మొదటి పేజీ.